ఇసుక కట్ట వెనక: రెడ్‌వుడ్ క్రీక్ సాల్మన్

(కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల, అంటే బే ఏరియాలో, కొందరు తెలుగువాళ్లు కలుసుకునే సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేసిన పాఠం ఇది. తడబాట్లు మాత్రమే తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మాట్లాడమన్నారు, పైగా చేపల గురించి. నిద్ర వచ్చినవాళ్లని నేను ఏమీ అనను.

మీలో మ్యూర్ వుడ్స్ అడవి చూడనివాళ్లు ఎవరైనా ఉన్నారా? లేరు. ఉండరని నాకు తెలుసు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మొదటి వారం గోల్డెన్ గేట్ బ్రిడ్జి, రెండో వారం మ్యూర్ వుడ్స్. ఇది మనందరికీ రివాజు. అక్కడికి వెళ్లి ఏం చేస్తాం? తలెత్తి చెట్లు చూస్తాం. అంత ఎత్తు చెట్లు కదా, చూడాల్సిందే. కానీ ఆ చెక్కబాట పక్కన ఒక వాగు పారుతూ ఉంటుంది. ఎంతమంది చూశారు? చూసినా ఫొటోలో బ్యాక్‌గ్రౌండ్‌గానే చూసి ఉంటారు. ఇవాళ నేను మాట్లాడేది ఆ వాగు గురించి, అది సముద్రంలో కలిసేచోట నిలిచే మడుగు, అంటే లగూన్ గురించి, ఆ రెండిటినీ నమ్ముకుని బతికే ఒక చేప గురించి.

వాగు పేరు రెడ్‌వుడ్ క్రీక్. తమల్‌పైస్ కొండ మీద పుడుతుంది, మ్యూర్ వుడ్స్ గుండా దిగుతుంది, మ్యూర్ బీచ్ దగ్గర పసిఫిక్‌లో కలుస్తుంది. చాలా చిన్నది. దాని పరీవాహక ప్రాంతం మొత్తం కలిపితే సుమారు 9 చదరపు మైళ్లు. అంటే కొండ మీద పడ్డ చినుకు ఎక్కడెక్కడో తిరగదు, ఆ కాస్త దూరం దిగి సముద్రంలో పడుతుంది. మన గోదావరి పక్కన పెడితే ఇది పిల్లకాలువ కూడా కాదు.

ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. ఈ వాగు మీద ఆనకట్ట కట్టాలని ఒక నీళ్ల కంపెనీ 1907లో గట్టిగా ప్రయత్నించింది. అప్పటికి రెండేళ్ల ముందే విలియం కెంట్ అనే ఆయన, ఆయన భార్య ఎలిజబెత్ ఆ అడవిని కొన్నారు. కంపెనీ కోర్టుకెళ్లి భూమి తీసుకోబోతుంటే, వీళ్లు అడవిని ఏకంగా ఫెడరల్ ప్రభుత్వానికి దానం ఇచ్చేశారు. 1908 జనవరిలో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ దాన్ని జాతీయ స్మారక స్థలంగా ప్రకటించాడు. అందరూ ఈ కథని చెట్లు బతికిన కథగా చెబుతారు. నిజమే. కానీ వాగుకి అడ్డం పడకుండా పోయిన కథ కూడా ఇదే. పక్కనే లాగునీటాస్ క్రీక్ ఉంది, టొమాలెస్ బేలో కలుస్తుంది. దాని మీద, దాని ఉపనది మీద 1950ల్లో, 60ల మొదట్లో ఆనకట్టలు వచ్చాయి. చేపలు గుడ్లు పెట్టే చోట్లలో సుమారు సగం ఆ ఆనకట్టల పైన ఉండిపోయాయి. చేపలు కింద, గులకరాళ్లు పైన. ఇంక చెప్పేదేముంది?

ఇప్పుడు చేప సంగతి. సాల్మన్ అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? కాస్ట్‌కో! నవ్వకండి, నాకూ అదే గుర్తొస్తుంది. మన ఇళ్లలో పులుసు పెట్టేది ఎక్కువగా అట్లాంటిక్ సాల్మన్, అది పెంపకం చేప. నేను చెప్పేది కోహో సాల్మన్. కాలిఫోర్నియాలో దాన్ని పట్టుకోకూడదు. సముద్రంలో గాలానికి పడినా వదిలేయాలి. కాబట్టి ఈ ప్రసంగం అయ్యాక వంట గురించి ప్రశ్నలు అడగొద్దు.

గోదావరి జిల్లాల వాళ్లున్నారా? ఆ, ఉన్నారు. మీకు ఈ చేప సగం తెలిసినట్టే. పులస ఏం చేస్తుంది? సముద్రంలో పెరుగుతుంది, వరదొచ్చి ఎర్రనీరు సముద్రంలోకి తోసుకెళ్లే రోజుల్లో నదికి ఎదురెక్కుతుంది, గుడ్లు పెట్టడానికి. ధవళేశ్వరం దగ్గర ఆగుతుంది. ఎందుకాగుతుంది? దానికి అక్కడిదాకానే రావాలని ఉండి కాదు, అక్కడ కాటన్ దొర ఆనకట్ట ఉంది కాబట్టి. 1852 నుంచి అదే కథ. కోహో కూడా అంతే, సముద్రంలో పెరిగి మంచినీటిలో గుడ్లు పెట్టే చేప. కానీ రెండు పెద్ద తేడాలున్నాయి. పులస గుడ్లు పెట్టి మళ్లీ సముద్రానికి పోగలదు, మరో ఏడాది రాగలదు. కోహో పోలేదు. ఒక్కసారే వస్తుంది, గుడ్లు పెడుతుంది, చచ్చిపోతుంది. రెండోది, పులస గుడ్లు నీటివాటున కొట్టుకుపోతూ పొదుగుతాయి. కోహో గుడ్లని రాళ్ల కింద పాతిపెడుతుంది. ఈ రెండో తేడా గుర్తుపెట్టుకోండి, తరవాత పనికొస్తుంది.

సరే. ఇప్పుడు నవంబరు అనుకోండి. మ్యూర్ బీచ్‌కి వెళ్లారు. వాగు సముద్రంలో కలిసేచోటు ఎక్కడా అని వెతుకుతారు. కనిపించదు! వేసవంతా వాగులో నీళ్లు తగ్గిపోతాయి, సముద్రం నెమ్మదిగా ఉంటుంది, నెమ్మదిగా ఉన్న అలలు ఇసుకని ఒడ్డుకి తెచ్చి పోస్తాయి. తెచ్చి తెచ్చి మొగని, అంటే వాగు సముద్రంలో కలిసే నోటిని, మూసేస్తాయి. అంటే వాగుకీ సముద్రానికీ మధ్య ఇసుక కట్ట. కట్టకి ఇవతల నీళ్లు నిలిచిపోయి లగూన్ అవుతుంది. కాలిఫోర్నియా తీరంలో చిన్న వాగులు చాలావాటికి ఇదే పద్ధతి, ఏడాదిలో కొన్ని నెలలు మొగ మూసి ఉంటుంది.

అవతల సముద్రంలో కోహోలు తయారుగా ఉన్నాయి. ఏడాదిన్నర సముద్రంలో తిరిగి, బలిసి, కడుపునిండా జనతో, అంటే గుడ్లతో, వచ్చాయి. ఇవతల వాగు ఉంది. మధ్యలో ఇసుక. ఏం చేస్తాయి? ఆగుతాయి. వానకోసం ఆగుతాయి. మొదటి పెద్ద వాన పడితే కొండ మీంచి నీళ్లు దిగుతాయి, లగూన్ నిండుతుంది, ఇసుక కట్ట మీంచి ఒక చిన్న పాయ జారుతుంది. అలా జారుతూ జారుతూ ఇసుకని కోసేస్తుంది. చూస్తుండగానే గండి పడుతుంది. ఆ గండిలోంచి వాగు నీరు సముద్రంలోకి పోతుంటే, చేపలు లోపలికొస్తాయి.

అన్ని వాగులుండగా ఇదే వాగు అని వాటికెలా తెలుసు? వాసన. ఇది ఊహ కాదండీ. విస్కాన్సిన్‌లో ఆర్థర్ హాస్లర్ అనే శాస్త్రవేత్త, ఆయన శిష్యులు కొన్ని దశాబ్దాలు దీని మీదే పనిచేశారు. చివరికి ఏం చేశారో తెలుసా? కోహో పిల్లల్ని హేచరీలో మార్ఫొలిన్ అనే రసాయనం వాసన తగిలేలా పెంచి మిషిగన్ సరస్సులోకి వదిలారు. తరవాత అవి గుడ్లు పెట్టే వయసుకొచ్చేసరికి, ఒక వాగులో ఆ రసాయనం చుక్కలు చుక్కలుగా కలిపారు. అవి ఆ వాగుని వెతుక్కుంటూ వచ్చాయి! అవి అంతకుముందు ఎప్పుడూ చూడని వాగు. వాసన ఒక్కటే పాతది. అంటే చిన్నప్పుడు ఏ నీటి వాసన తలకెక్కితే, పెద్దయ్యాక ఆ నీటికే వస్తుంది. ఇది మన దగ్గర చేస్తే ఎవరో ఒకరు జాతకాలకి ముడిపెట్టేవారు, అది వేరే సంగతి.

లోపలికొచ్చాక తిండి మానేస్తాయి. మంచినీటిలోకి వచ్చిన కోహో ఇక తినదు. ఒంట్లో ఉన్న కొవ్వుతోనే మిగతా పనంతా. మగచేప రంగు మారుతుంది, పక్కలు ఎర్రబడతాయి, మూతి కొక్కెంలా వంకర తిరుగుతుంది. రెండడుగుల చేప, మోకాలి లోతు నీళ్లలో. వీపు పైకి తేలుతుంది కొన్నిచోట్ల. అంత పెద్ద చేప అంత చిన్న వాగులో ఏం చేస్తోందా అని మొదటిసారి చూసినవాళ్లు నోరు తెరుస్తారు.

ఇక్కడ కాస్త నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే చూడాల్సిందిదే. ఆడచేప చోటు ఎంచుకుంటుంది. ఎక్కడపడితే అక్కడ కాదు. మడుగు చివర, నీరు లోతులోంచి తక్కువ లోతుకి జారబోయేచోట, నిమ్మకాయంత, అంతకన్నా చిన్న గులకరాళ్లు ఉన్నచోట. అక్కడ నీరు రాళ్ల మీంచే కాదు, రాళ్ల సందుల్లోంచి కూడా పారుతుంది. అది కావాలి దానికి. పక్కకి ఒరిగిపోతుంది, ఒరిగి తోకతో నీళ్లని టపటపా కొడుతుంది. తోక రాళ్లకి తగలడం కన్నా నీటి తోపుడే ఎక్కువ పని చేస్తుంది. రాళ్లు లేస్తాయి, ప్రవాహానికి కాస్త కిందకి పడతాయి, వాటితో ఉన్న మట్టి, ఒండ్రు కొట్టుకుపోతుంది. అంటే తవ్వడమూ అవుతోంది, కడగడమూ అవుతోంది. గుంట తయారయ్యాక మగచేప పక్కకి చేరుతుంది, రెండూ నోళ్లు తెరిచి వణుకుతాయి, గుడ్లూ వీర్యమూ ఒకేసారి వదులుతాయి. బఠాణీ గింజంత నారింజ రంగు గుడ్లు. వెంటనే ఆడచేప కాస్త పైకి జరిగి మళ్లీ తవ్వుతుంది. ఎందుకు? పైన తవ్విన రాళ్లు కింద గుంట మీద పడి గుడ్లని కప్పేయాలి. చూశారా పనితనం? ఒక గుంట తవ్వుతూ ఇంకో గుంట పూడుస్తోంది. అలా మొత్తం మీద రెండు, మూడు వేల గుడ్లు పెడుతుంది.

తరవాత ఆడచేప ఆ గుంట దగ్గరే కాపలా కాస్తుంది, ఇంకో ఆడచేప వచ్చి అక్కడే తవ్వకుండా. తోక అరిగిపోయి తెల్లగా ఎముక కనిపిస్తుంటుంది. కొన్ని రోజులు, మహా అయితే రెండు వారాలు. చచ్చిపోతుంది. పిల్లలెవరైనా ఉంటే బాధపడకండి. ఆ కళేబరం ఎక్కడికీ పోదు. రకూన్లు తింటాయి, పురుగులు తింటాయి, ఆ పురుగుల్ని రేపు పుట్టబోయే చేపపిల్లలు తింటాయి. సముద్రంలో తిన్న తిండంతా మోసుకొచ్చి కొండవాగులో పెట్టి పోయినట్టు లెక్క.

కోహోకి ఇంకో చిక్కుంది. దీని ఆయుష్షు దాదాపు కచ్చితంగా మూడేళ్లు. ఏడాదికి పైగా వాగులో, ఏడాదిన్నర సముద్రంలో, మూడో ఏట తిరిగిరావడం. అందువల్ల ఒక వాగులో కోహోలు ఫ్యాక్టరీలో మూడు షిఫ్టుల్లాగా ఉంటాయి. ఈ ఏడాది వచ్చిన షిఫ్టు పిల్లలు మళ్లీ మూడేళ్లకే వస్తారు. ఒక షిఫ్టుకీ ఇంకో షిఫ్టుకీ పరిచయం ఉండదు. రెండేళ్లకే తిరిగొచ్చే కుర్ర మగచేపలు కొన్ని ఉంటాయి, అవి కాస్త కలుపుతాయి, అంతే. ఇప్పుడు ఆలోచించండి. ఒక ఏడాది కరువొచ్చి మొగ తెరుచుకోలేదు. లేదా వరదొచ్చి గుంటలన్నీ కొట్టుకుపోయాయి. ఏమవుతుంది? ఆ షిఫ్టు పోయినట్టే. మిగతా రెండు షిఫ్టులు బాగానే ఉండొచ్చు, కానీ ప్రతి మూడో ఏడూ వాగు ఖాళీ. చాలా వాగుల్లో జరిగింది సరిగ్గా ఇదే. ఒక షిఫ్టు పోయింది, తరవాత రెండోది, తరవాత మూడోది.

గుడ్ల దగ్గరికి వెనక్కి వెళ్దాం. రాళ్ల కింద పాతిపెడుతుందని చెప్పాను, గుర్తుందా? పాతిపెట్టిన గుడ్డుకి ఊపిరి ఎలా? రాళ్ల సందుల్లో పారే చల్లటి నీరే దానికి ఊపిరి. పైన కొండ మీద రోడ్డు పనులు జరిగి మట్టి జారి వాగులోకి వచ్చిందనుకోండి. సన్నటి ఒండ్రు రాళ్ల సందుల్ని మూసేస్తుంది. పైనుంచి చూస్తే వాగు చక్కగానే ఉంటుంది. కింద గుడ్లు ఊపిరాడక పోతుంటాయి. బతికినవి నెలా నెలన్నరకి పొదుగుతాయి, పొట్టకి సొన సంచీతో ఇంకొన్ని వారాలు రాళ్ల కిందే ఉంటాయి, వసంతానికి పైకొస్తాయి.

పైకొచ్చాక ఆ ఏడాది వేసవంతా వాగులోనే. చల్లటి నీరు కావాలి, 12 నుంచి 15 డిగ్రీల సెల్సియస్ అయితే హాయి. నీడ కావాలి, లోతు మడుగులు కావాలి, దాక్కోవడానికి పడిపోయిన దుంగలు కావాలి. దుంగల దగ్గర ఒక తమాషా జరిగింది. 1930ల్లో ఉద్యోగాలు లేని యువకులకి పని కల్పించే సర్కారు పథకం కింద మ్యూర్ వుడ్స్‌లో వాగు గట్లకి రాళ్లు పేర్చి గోడలా కట్టారు. గట్టు కోసుకుపోకుండా, చూడ్డానికి నీట్‌గా ఉండాలని. ఆ తరవాత కొన్ని దశాబ్దాలు, ఒక్క ఇక్కడే కాదు, పడమటి తీరమంతా వాగుల్లో పడ్డ దుంగల్ని తీసిపారేశారు. చేపలకి అడ్డమని! మంచి ఉద్దేశంతోనే. తీరా చూస్తే వాగు సూటిగా, వేగంగా, మడుగుల్లేకుండా తయారైంది. పెద్దవాన వస్తే చేపపిల్లలకి పట్టుకోవడానికేమీ లేదు, నేరుగా సముద్రంలోకే. 2019లో పార్కువాళ్లు ఆ రాళ్లు తీయడం మొదలుపెట్టారు, దుంగల్ని తెచ్చి వాగులో అడ్డంగా వేశారు. ఈసారి వెళ్లినప్పుడు వాగు కాస్త చిందరవందరగా కనిపిస్తే మెయింటెనెన్స్ లేదని రివ్యూ రాయకండి. అలా ఉండాలనే చేశారు.

ఇప్పటిదాకా చెప్పింది మీకు డాక్యుమెంటరీల్లో కూడా దొరుకుతుంది. ఎర్రచేప, గుంట, గుడ్లు, చావు. అందరికీ అదే నచ్చుతుంది. డిసెంబరులో చేపల్ని చూడ్డానికి కార్లు బారులు తీరుతాయి. ఆగస్టులో లగూన్ చూడ్డానికి ఎవరైనా వస్తారా? రారు. నాచు పట్టిన నీళ్లు, బురద, దోమలు. కానీ నన్నడిగితే ఈ చేపల లెక్క తేలేది ఆ లగూన్‌లోనే. గుడ్లు పెట్టడం మొదలు మాత్రమే. ఇవాళ నేను చెప్పదలుచుకుంది ఇదే, మిగతావి మర్చిపోయినా పర్లేదు.

ఎందుకంటారా? ఈ వాగుల్లో కోహోతో పాటు స్టీల్‌హెడ్ అని ఇంకో చేప ఉంది, సాల్మన్‌కి దగ్గర చుట్టం. శాంటా క్రూజ్ దగ్గర స్కాట్ క్రీక్‌లో దాని మీద మంచి పరిశోధన జరిగింది, ఫలితాలు 2008లో వచ్చాయి. వేసవిలో మొగ మూసుకున్నాక లగూన్‌లో పెరిగిన పిల్లలెన్ని, పైన వాగులోనే పెరిగిన పిల్లలెన్ని, చివరికి సముద్రం నుంచి తిరిగొచ్చింది ఎవరు అని లెక్క తీశారు. పిల్లల్లో లగూన్‌వి 8 నుంచి 48 శాతం. తిరిగొచ్చిన పెద్ద చేపల్లో? 85 శాతం! మళ్లీ చెబుతాను. పిల్లల్లో సగం కన్నా తక్కువ, తిరిగొచ్చినవాటిలో 85 శాతం. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. లగూన్‌లో తిండి ఎక్కువ, అక్కడి పిల్లలు త్వరగా పెద్దవవుతాయి, పెద్దవిగా సముద్రంలోకి పోయినవి ఎవరి నోటా పడకుండా బతుకుతాయి.

కోహో వేసవిలో అంతగా లగూన్‌కి దిగదు, చల్లటి నీడలోనే ఉంటుంది. కానీ దానికీ లగూన్ రెండుసార్లు కావాలి. శీతాకాలం వరదలో పక్కకి తప్పుకోవడానికి నిలవనీరు కావాలి. రెండో వసంతంలో సముద్రానికి పోయేముందు ఒళ్లు ఉప్పుకి అలవాటు పడ్డానికి కావాలి. మంచినీటి చేప ఉప్పునీటి చేపగా మారడమంటే మాటలా? మొప్పలు, మూత్రపిండాలు పనిచేసే తీరే తిరగబడాలి. ఆ టైమ్ ఇవ్వకుండా అమాంతం సముద్రంలో పడేస్తే దెబ్బతింటుంది.

మరి మ్యూర్ బీచ్ లగూన్‌ని మనుషులు ఏం చేశారు? పూడ్చారు. పేరేమో బిగ్ లగూన్, చూస్తే పెద్దదీ కాదు, లగూనూ కాదు. పొలాలకీ పశువుల మేతకీ కరకట్టలు వేశారు, వాగుని ఒక అంచుకి తోసి కాలువలా చేశారు, ఆ తరవాత వరద పారే దారికి అడ్డంగా పార్కింగ్ లాట్ కట్టారు. మనం కారు పెట్టుకుని బీచ్‌కెళ్లిన చోటు, చేపపిల్లలు వరదలో తలదాచుకోవాల్సిన చోటు. 2009 నుంచి కొన్నేళ్లు నేషనల్ పార్క్ సర్వీసు వాళ్లు దాన్ని తిరగదోడారు. పార్కింగ్ లాట్‌ని పక్కకి తిప్పి కట్టారు, కరకట్ట తీశారు, వాగుని లోయలో అన్నిటికన్నా పల్లంగా ఉన్నచోటికి మళ్లించారు, పక్కన నిలవనీటి గుంటలు తవ్వారు. ఇప్పుడు మీరు పొడుగాటి చెక్క వంతెన మీంచి బీచ్‌కి నడుస్తారు కదా, ఆ వంతెన కింద ఉన్నదంతా అదే.

ఇక్కడ ఒక జాగ్రత్త. లగూన్ మంచిదన్నాను కదా అని ఎప్పుడూ మంచిదే అనుకోకండి. మొగ మూసుకునేటప్పుడు లోపల కొంత ఉప్పునీరు చిక్కుకుపోతుంది. ఉప్పునీరు బరువు, కిందకి పోతుంది. పైన వాగునీరు పొరలా నిలుస్తుంది. పై పొరలో చెయ్యిపెడితే చల్లగా ఉంటుంది, మూరెడు లోపలికి పెడితే వెచ్చగా తగులుతుంది! తిరగేసి ఉందేమిటి అనిపిస్తుంది. ఎండ వేడి కింద ఉప్పునీటిలో చిక్కుకుని పైకి రాలేదు. ఆ కింద పొరలో గాలి ఆడదు, నాచు కుళ్లి, ఆక్సిజన్ అయిపోయి, కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. చేపలన్నీ పై పొరలో బతుకుతుంటాయి. వాగునీరు వస్తూ ఉంటే నెమ్మదిగా పై పొర మందమవుతుంది, ఉప్పు ఇసుక గుండా బయటకి ఊరిపోతుంది, లగూన్ బాగుపడుతుంది.

సరిగ్గా ఆ టైములో ఎవరో ఒకాయన పార పట్టుకొస్తాడు. పిల్లలు సరదాగా కాలువ తవ్వుతారు, లేదా పెద్దవాళ్లు "పాపం నీళ్లు నిలిచిపోయాయి, వదిలేద్దాం" అని తవ్వుతారు. గండి పడుతుంది. ముందు బయటకి పోయేది ఏ నీరు? పై పొర. మంచిది పోయి, కంపునీరు మిగులుతుంది. పెస్కడెరో తెలుసు కదా మీకు, హైవే 1 మీద, మేకల ఫారం చూడ్డానికి వెళ్తారు? అక్కడి లగూన్‌లో ఎవరూ తవ్వకపోయినా మొగ తెగినప్పుడల్లా అడుగునీరు కలిసిపోయి స్టీల్‌హెడ్‌లు చచ్చి తేలేవి, చాలా ఏళ్లపాటు. 2019లో అక్కడి బుటానో వాగులో పేరుకున్న పూడిక తీశారు, నీరు మళ్లీ దారిన పడింది. రష్యన్ రివర్ మొగ దగ్గర, జెన్నర్‌లో, ఇళ్లు మునుగుతాయని ప్రభుత్వమే యంత్రాలతో గండి కొట్టేది. 2008లో ఫెడరల్ చేపల శాఖ వేసవిలో లగూన్‌ని వీలైనంత వరకు ఉండనివ్వమని షరతు పెట్టింది. అంటే చూడండి, ఇసుకని కదపాలా వద్దా అన్నది ఇక్కడ చట్టం దాకా వెళ్లిన విషయం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను, టైమ్ చూపిస్తున్నారు. 1940ల్లో కాలిఫోర్నియా మొత్తం మీద కోహోలు రెండు లక్షల నుంచి ఐదు లక్షల దాకా ఉండేవని అంచనా. ఇప్పుడు అందులో చాలా చిన్న వంతు. మన తీరంలో కోహోని 1996లో ముప్పులో ఉన్న జాబితాలో చేర్చారు, 2005లో అంతరించిపోయే ప్రమాదమున్న జాబితాకి మార్చారు. రెడ్‌వుడ్ క్రీక్‌లో ఎంత తగ్గాయంటే, 2014లో పిల్లల్ని పట్టి సొనోమాలో హేచరీకి తీసుకెళ్లి, పెద్దయ్యేదాకా అక్కడే పెంచి, గుడ్లు పెట్టే వేళకి తెచ్చి వాగులో వదిలే పని మొదలైంది. ఇంకొకటి, మనందరం కార్లవాళ్లం కాబట్టి చెప్పాలి. సియాటిల్ వైపు పట్టణాల వాగుల్లో కోహోలు గుడ్లు పెట్టకముందే చచ్చిపోతుంటే కారణమేమిటా అని చాలా ఏళ్లు వెతికారు. 2020 డిసెంబరులో తేలింది. టైర్లు పగలకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం ఓజోన్‌తో కలిసి మరో విషంగా మారుతుంది, వానకి రోడ్డు మీంచి వాగులోకి దిగుతుంది. కోహోకి అది చాలా కొంచెం చాలు.

చూడాలనుకునేవాళ్లకి రెండు మాటలు. డిసెంబరు, జనవరుల్లో పెద్దవాన పడ్డాక ఒకటి రెండు రోజులాగి, నీరు తేటపడ్డాక వెళ్లండి. మ్యూర్ వుడ్స్‌కి పార్కింగ్ ముందే బుక్ చేసుకోవాలి, లేకపోతే వెనక్కి పంపేస్తారు. పోలరైజ్డ్ కళ్లద్దాలుంటే నీటి మెరుపు అడ్డురాదు. వాగులో దిగకండి. మీకు గుంట కనిపించదు, మీ కాలి కింద ఉంటుంది. కుక్కల్ని నీళ్లలోకి వదలకండి. పిల్లలు రాళ్లు విసురుతారు, వాళ్లని మీరే చూసుకోవాలి.

ఆ, వెనక నుంచి సారేదో అడుగుతున్నారు. కాస్త గట్టిగా చెప్పండి సార్... సరే. అందరికీ వినిపించిందా? సారుది సూళ్లూరుపేట వైపట. పులికాట్ మొగలు పూడిపోతే మావాళ్లు తవ్వండి తవ్వండి అని ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు, మీరేమో ఇక్కడ తవ్వొద్దంటున్నారు, ఏది నిజం అని అడుగుతున్నారు.

రెండూ నిజమే సార్. మంచి ప్రశ్న అడిగారు. పులికాట్‌కి ఆరణి, కాళంగి, స్వర్ణముఖి నీళ్లు తెస్తాయి. ఎప్పుడు? వానల్లో. ఎండాకాలంలో ఏం వస్తుంది? ఏమీ రాదు, వచ్చినా అంతంతమాత్రం. రాయదొరువు దగ్గర మొగ పూడిందనుకోండి, వెనక నుంచి నీరు లేదు, ముందు నుంచి సముద్రం లేదు, పైన మన ఎండ. ఉత్తరం వైపు నీరు సముద్రం కన్నా ఉప్పగా తయారై, ఎండి తెల్లగా ఉప్పు తేలుతుంది. పైగా అక్కడి రొయ్యపిల్ల సముద్రంలోంచి లోపలికి రావాలి, మొగ ఉంటేనే వస్తుంది. అందుకని మీవాళ్లు తవ్వమనడం న్యాయం. ఇక్కడ వేసవంతా, ఎంత సన్నగా అయినా, కొండ మీంచి చల్లటి నీరు వస్తూ ఉంటుంది. అందుకని మూసుకున్నా ఫర్వాలేదు. మొగ దగ్గర నిలబడి మూసుకోవడం మంచిదా చెడ్డదా అని తేల్చలేం సార్. వెనక్కి తిరిగి, వాగులోంచి ఎన్ని నీళ్లు వస్తున్నాయో చూడాలి. ఇక్కడ కూడా పైన బావులూ మోటార్లూ పెట్టి వేసవిలో ఆ సన్నటి ధార లాగేస్తే, ఇసుక కట్ట అలాగే ఉంటుంది, లగూన్ అలాగే కనిపిస్తుంది, లోపల కంపునీరే మిగులుతుంది. అందుకే చేపల మీద పనిచేసేవాళ్లు ఎండాకాలంలో ఇక్కడ ముందు అడిగేది చేపలెన్ని ఉన్నాయని కాదు, పైన ఎవరెవరు ఎంత నీళ్లు తోడుతున్నారని.

ఇంకెవరైనా అడుగుతారా? ఆ ముందు వరుసలో పాప చెయ్యెత్తింది, మైకు అటు ఇవ్వండి.